వెనక్కి నడిచే వంశోద్ధారకుడు

వంశోద్ధారకుడంటే ఇదివరకు పుట్టాల్సినవాడు, ఇప్పుడు రిటైరైనవాడు. పెన్షన్ కాగితాలు చేతికొచ్చిన మర్నాటి నుంచే పూర్వీకుల కోసం బయల్దేరతాడు. చంకలో రెక్సిన్ సంచి, సంచిలో చార్టు చుట్ట, జేబులో మూడు పెన్నులు: ఎర్రది సంతానం లేనివాళ్ళకి, పచ్చది దత్తు వెళ్ళినవాళ్ళకి, నీలం మిగతా లోకానికి. పెళ్ళి భోజనాల్లో ఎవరి పక్కన కూర్చున్నా పప్పు వడ్డించేలోగా ఇంటిపేరూ, సాంబారు వచ్చేలోగా తాతగారి పేరూ రాబడతాడు. పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి అవతలివాడు ఆయనకి వరసకి మనవడైపోయి ఉంటాడు. ఇంత తిరుగుడు చూసి ఆయనకి పూర్వీకులంటే మహా ప్రేమ అనుకుంటాం. నిజానికి ఆయనకి ఒక్క పూర్వీకుడు చాలు. మిగతావాళ్ళంతా ఆ ఒక్కడి దగ్గరికి ఎక్కే మెట్లు.

ఆ ఒక్కడెవరో వెతుకులాటకి ముందే ఖరారై ఉంటుంది. రాయలవారి కొలువులో మంత్రిగా ఉన్నవాడో, 1757లో బొబ్బిలి కోటలో కత్తి పట్టినవాడో, నవాబుగారి చేత జాగీరు పుచ్చుకున్నవాడో అయి తీరాలి. అందుకు సాక్ష్యం రాగిరేకు. ఆ రాగిరేకు ఇప్పుడుండదు. గోదావరి వరదకి కొట్టుకుపోయుంటుంది, ఇల్లు అంటుకున్నప్పుడు కరిగుంటుంది, లేదా పంపకాల్లో పెద్దన్నగారి వాటాకి వెళ్ళి, అక్కడ పాతసామాన్లవాడికి తూకానికి పోయుంటుంది. (రాగిరేకుని చెదలు తిన్నాయని చెప్పేవాళ్ళూ లేకపోలేదు.) సరే, రేకు ఉందనే అనుకుని లెక్క వేద్దాం. రాయలు గద్దెనెక్కింది 1509లో. తరానికి పాతికేళ్ళ చొప్పున ఇప్పటికి ఇరవై తరాలు. మనిషికి తల్లీ తండ్రీ ఇద్దరుంటారు కనక ఇరవయ్యో మెట్టు మీద 10,48,576 స్థానాలుంటాయి. మనవాడు తండ్రి, తండ్రికి తండ్రి అంటూ అందులో ఒక్కదాన్నే పట్టుకుని పాకుతాడు. మేనరికాల వల్ల అంతమంది ఉండరండీ అని ఆయన అడ్డు తగలొచ్చు. నిజమే. మేనత్త కొడుకుని చేసుకున్న పిల్ల బిడ్డకి ముత్తాతలూ ముత్తవ్వలూ ఎనిమిది మందికి బదులు ఆరుగురే. మేనమామనే చేసుకుంటే బిడ్డకి నాయనమ్మే అమ్మమ్మకి తల్లి. ఇక అది వృక్షమెక్కడ, చేపల వల! కానీ ఈ వల ఆయన మెడకే చుట్టుకుంటుంది. ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళన్నీ ఒకే వలలో ఉంటే మంత్రిగారి రక్తం ఎదురింటాయనలోనూ ఉన్నట్టే. ఎదురింటాయనతో ఈయనకి గోడ తగాదా.

మన సంప్రదాయం ఈ విషయంలో ఇంత ఆశకి పోలేదు. తద్దినానికి తండ్రి, తాత, ముత్తాత, మూడు పేర్లు చెబితే చాలంది. ఆ పైన ఎక్కితే ఏమవుతుందో పెద్దలకి తెలిసే ఉంటుంది. తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఉన్న ఇంట్లో ఒక కాగితం మీద వెంకయ్య కొడుకు సుబ్బయ్య, ఇంకోదాని మీద సుబ్బయ్య కొడుకు వెంకయ్య. మనవాడు ఇద్దరు వెంకయ్యల్నీ కలిపేసి, ఆ ఒక్కడికీ నూట నలభై ఏళ్ళ ఆయుర్దాయం పోసి, కింద ‘యోగసాధకుడు’ అని రాస్తాడు. ఇంటిపేర్ల దగ్గరా ఇదే ధోరణి. మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లే. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో కనిపిస్తుంది. చుట్టరికానికి అది రుజువు కాదు. అయినా ఆ ఇంటిపేరుగల కలెక్టరు చార్టులోకి చేరిపోతాడు, అదే ఇంటిపేరుగల బండి మేస్త్రీ చేరడు.

అసలు చిక్కు కాగితాలతోనే. కంపెనీ పాలన ముగిసిన 1858లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ పెట్టి, ఈ భూమి ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఆధారమేమిటి అని మాన్యగాళ్ళని నిలదీశారు. ప్రశ్న అడిగింది వంశగౌరవం కోసం కాదు, శిస్తు కోసం. సర్కారు కాగితం మనిషిని గుర్తుపెట్టుకునేది పన్ను కట్టినప్పుడు, దావా వేసినప్పుడు, పొలం అమ్ముకున్నప్పుడు. ఇంట్లో చెప్పుకునే కథలో తాత ఎప్పుడూ ఇచ్చినవాడు, కాగితంలో బాకీపడ్డవాడు. 1903 తర్వాత మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకుతోటలకి వెళ్ళిన కూలీల పాసులు చూడండి: పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చతో సహా ఉంటాయి. అక్కడి తెలుగువాడు ఆ పాసు పట్టుకుని ముత్తాత ఊరు వెతుక్కుంటూ వస్తాడు, రాజుని అడగడు. దివాన్‌గారి మునిమనవణ్ణని చెప్పుకునే మనవాడికి ఆ దివాన్‌గారి ఊరు కూడా ఖాయంగా తెలియదు.

మన వంశోద్ధారకుడు కూడా లేకపోతే ఈపాటి పేర్లయినా మిగిలేవా అని అడగొచ్చు. 1984లో వంశపారంపర్య కరణీకాలు రద్దయ్యాక ఎన్ని ఊళ్ళలో పాత లెక్కల కట్టలు అటకలెక్కాయో! మెకంజీ దొర కోసం కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా సేకరించిన కైఫియత్తుల్లోనూ కట్టుకథలు బోలెడు. చరిత్రకారులు వాటిని పారెయ్యలేదు కదా. ఈ మాటకి బలముంది. కట్టుకథకీ విలువుంది, దాన్ని ఎవరు ఎప్పుడు ఎందుకు చెప్పుకున్నారో తెలుస్తుంది కాబట్టి. అయితే కైఫియత్తులో ఊరి గొప్పతో పాటు ఊరు పాడుబడిన సంగతీ, కరువూ, కొట్లాటా ఉంటాయి. మనవాడు వాటిని కత్తిరిస్తాడు. కత్తిరింపులో మొదట పోయేది ఆడవాళ్ళు. చార్టు నిండా కొడుకులే కొడుకుల్ని కన్నట్టుంటుంది.

ట్రంకుపెట్టె అడుగున ఆయనకి దొరికేది చాలాసార్లు తాకట్టు దస్తావేజే. రెండెకరాల మాగాణి, నూటికి రూపాయి వడ్డీ, కూతురి పెళ్ళి ఖర్చు నిమిత్తం. కూతురి పేరు కూడా అందులోనే ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. కింద సంతకం బదులు నిశాని. మంత్రిగారి వంశంలో చేవ్రాలు రానివాడేమిటని ఆయన దాన్ని మడిచి మళ్ళీ పెట్టె అడుగునే పెడతాడు. ఆదివారం కల్యాణమండపంలో వంశసమ్మేళనం. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఆ నిశాని వేసినాయన పేరు పక్కన ‘సుప్రసిద్ధ భూస్వామి, దాత’ అని వేయమని రాసిచ్చాడు. ప్రెస్సు కుర్రాడు ‘దాత’కి బదులు ‘తాత’ అని కొట్టాడు. మొత్తం ఫ్లెక్సీలో రుజువున్న మాట అదొక్కటే.