డాబా మీది మావయ్య

టీవీ చూసేవాళ్ళు వేరు, బొమ్మ చూసేవాళ్ళు వేరు. మా పెద్దమావయ్య రెండో జాతి. తెర మీద ఎవరున్నారు, ఏం మాట్లాడుతున్నారు, ఎందుకు ఏడుస్తున్నారు అన్నవి ఆయనకి పట్టవు. చీమలున్నాయా లేవా, మనిషి పక్కన ఇంకో మనిషి నీడ పడుతోందా, అంతవరకే. గోదావరి జిల్లాల్లో ఊరికొకడైనా ఇలాంటివాడు ఉండేవాడు. పోలవరం వాటాకి మా మావయ్య వచ్చాడు.

గాల్లో ఉన్నదానికి డబ్బు కట్టకూడదన్నది ఆయన సిద్ధాంతం. వీధిలోకి కేబులు వచ్చి, అందరూ వైరు లాగించుకుంటుంటే, ఈయన వాకిట్లో అడ్డంగా నిలబడి "గోదారి గాలికి బిల్లేస్తావేంట్రా?" అని కేబులు కుర్రాణ్ణి పంపించేశాడు. గాలికి కట్టని ఆ డబ్బంతా అల్యూమినియం గొట్టాలకి పోసేవాడు. అత్తయ్య ఒకసారి ఆ లెక్క కట్టింది. ఆయన ముందు ఆ కాగితం మాత్రం తియ్యదు.

యాంటెనా కొనడానికి ఆయనతో రాజమండ్రి వెళ్ళడమంటే పెళ్ళిచూపులకి వెళ్ళడమే. కొట్టువాడు "ఎన్ని పుల్లలదండీ? మూడా, అయిదా, ఎనిమిదా?" అని ఇంకా అడుగుతుండగానే ఈయన జేబులోంచి టేపు తీసేవాడు. వెనక ఒక పొడుగు పుల్ల, దాని ముందు వైరు తగిలించే మడత కడ్డీ, ఆ ముందు వరసగా పొట్టి పుల్లలు. పులసని శుభ్రంగా తినేసి విస్తట్లో వదిలిన ముల్లులా ఉంటుందది. మూడొందల్ని చానెల్ మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అల పొడవు మీటర్లలో వస్తుందని, అందులో సగం ఆ కడ్డీ ఉండాలని కొట్లోనే పాఠం మొదలు. 200 మెగాహెర్ట్జ్ దగ్గర అది ముప్పావు మీటరు, 60 దగ్గర రెండున్నర మీటర్లు. కొట్టువాడు వినీ వినీ టీకి వెళ్ళిపోయేవాడు. ఈయన మిగతా గిరాకీకి చెప్పేవాడు.

ఈ పుల్లల యాంటెనాని 1926లో జపాన్‌లో యాగి, ఉడా అనే ఇద్దరు కనిపెట్టారు. జనం నోట 'యాగి యాంటెనా' అనే పడింది. దానికి మావయ్య ఇప్పటికీ కష్టపెట్టుకుంటాడు. "రెక్కలు ముక్కలు చేసుకున్నది ఉడా అండి! పేరేమో యాగికి!" అంటుంటే, వంటింట్లోంచి "ఆయ్, మనింట్లోనూ అంతేనండి" అని అత్తయ్య గొంతు వినపడేది.

తిరుగు ప్రయాణంలో ఆ కట్ట బస్సు నడవలో నిలబడేది. 1974లో కట్టిన రోడ్డు-రైలు వంతెన దిగి కొవ్వూరు చేరేలోగానే ఎవరో ఒకరు "ఏటండది?" అని అడక్కపోరు. అడిగినవాడి పని అయిపోయినట్టే. తాళ్ళపూడి పోయి, పట్టిసీమ వచ్చినా పాఠం తెమిలేది కాదు.

ఇంతకీ ఆయన చెప్పేది అబద్ధం కాదు, అదే మాకు ఒళ్ళుమంట. పోలవరం తంటా అన్ని ఊళ్ళకీ ఉండేది కాదు. ఆయన యాంటెనా ముఖం దిగువకి, రాజమండ్రి వైపు పెట్టేవాడు. వెనకేమో కొండలు. ముందునుంచి నేరుగా వచ్చే బొమ్మ ఒకటి, వెనక కొండకి కొట్టుకుని ఆలస్యంగా వచ్చే బొమ్మ ఇంకొకటి. చుట్టుదారి ఒక్క కిలోమీటరైనా చాలు, రెండో బొమ్మ తెర వెడల్పులో పదిహేనో వంతు కుడిపక్కకి జరిగి పడుతుంది. ఊరివాళ్ళు బూస్టరు కొనేవాళ్ళు. బూస్టరు అసలు బొమ్మతోపాటు ఈ దయ్యపు బొమ్మనీ పెంచుతుంది. దానికి మందు పుల్లలు పెంచి చూపు సన్నం చెయ్యడమే, వెనక వీపు గట్టిగా ఉన్నది ఏరుకోవడమే. కాకపోతే చూపు సన్నమైనకొద్దీ గురి తప్పకూడదు. అదిగో, ఆ గురి కోసం మా బాల్యం ఖర్చయింది.

1987 జనవరిలో ఆదివారం పొద్దున్న రామాయణం మొదలైంది. టీవీ ఉన్న ఇల్లు కాబట్టి హాలు నిండా జనం. సరిగ్గా అప్పుడే మావయ్య డాబా ఎక్కేవాడు. నన్ను కిటికీ దగ్గర కాపలా పెట్టేవాడు. "వచ్చిందా?" "లేదు మావయ్యా." "ఇప్పుడో?" "వచ్చింది, వచ్చింది... పోయింది!" పొయ్యి మీద అన్నం ఉన్న రోజున అత్తయ్య తెర వంక చూడకుండానే "అద్దంలా ఉందండీ, దిగండి" అనేది. ఆయన నమ్మేవాడు కాదు. నిజంగా అద్దంలా ఉంటే మరీ కంగారు. ఇంతకన్నా బాగుండొచ్చేమో చూద్దామని ఒక్క అంగుళం తిప్పేవాడు. హాల్లోంచి వచ్చిన హాహాకారం అశోకవనానికి వినపడేది. 78 భాగాలూ ఆయన డాబా మీంచే విన్నాడు. చాలా ఏళ్ళకి ఎవరో రాముడి వేషం వేసినాయన ఫొటో చూపిస్తే "ఈయనెవరు?" అన్నాడు. సీతని మాత్రం గొంతు బట్టి గుర్తుపడతాడు.

నాకు మటుకు లంకాదహనం ఇప్పటికీ కిటికీ ఊచల మధ్య సగమే గుర్తు. ఆ బాకీ తీర్చుకోవడానికే ఇది రాస్తున్నాను.

2004 డిసెంబరులో దూరదర్శన్ నెలబిల్లు లేని డిష్ మొదలుపెడితే ఆయన అనుమానించాడు. "పైన ఉపగ్రహం, కింద బిల్లు లేదు! ఎక్కడో మెలిక ఉందిరా." దాని పేరు డిడి డైరెక్ట్ ప్లస్ కాస్తా డిడి ఫ్రీ డిష్ అయింది. 2022 నాటికి పాత నేల ట్రాన్స్‌మిటర్లు దేశంలో చాలామటుకు ఆపేశారు. ఇక తప్పలేదు. రెండడుగుల పళ్ళెం తెచ్చుకుని, తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉన్న జీశాట్-15కి దిక్కు లెక్కగట్టాడు. కట్టి, డాబా మీద ఒక్క కేక పెట్టాడు. పోలవరం నుంచి అది ఆగ్నేయంగా, సరిగ్గా ఆయన పాత యాంటెనా రాజమండ్రి కేసి చూసిన దిక్కే! "దిక్కు మారలేదురా, అరవై అయిదు డిగ్రీలు తలెత్తాలంతే!" అని ఫోను చేసి చెప్పాడు. మనవడు పుట్టినప్పుడు కూడా ఆ గొంతు వినలేదు.

పళ్ళెం ఒకసారి బిగిస్తే కదిలించే పని లేదు. అందుకే ఆయనకి దాని మీద మోజు తీరిపోయింది. జోరువాన పడితే బొమ్మ ఆగిపోతుంది, అప్పుడు మాత్రం ముఖం వెలుగుతుంది. గొడుగు వేసుకుని పైకెక్కుతాడు.

మీ డాబా మీద పాత యాంటెనా ఇంకా ఉంటే పాతసామాన్లవాడికి తూకానికి వెయ్యకండి. మా మావయ్యకి కబురు చెయ్యండి, బస్సు ఛార్జీ ఆయనే పెట్టుకుని వస్తాడు. గంటలో దిగే మనిషి కాదు. అన్నం వండి ఉంచండి, కిటికీ దగ్గర మీ పిల్లల్ని మాత్రం నిలబెట్టకండి.