మెట్టుకు ఎమ్మార్పీ లేదు

తెల్లారకముందే అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడితే తిరుపతిలో భక్తి ఎంతుందో, షుగరు ఎంతుందో ఒకేసారి తెలిసిపోతుంది. మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టి గోవిందా అంటూ ఎక్కేవాళ్లు యాత్రికులు. చేతి గడియారంలో అడుగులు చూసుకుంటూ ఎక్కేవాళ్లు ఊళ్లోవాళ్లు. వాళ్లను పంపింది డాక్టరు.

మా వీధి పెద్దాయన రెండో రకం. కొండ మీదికి 3,550 మెట్లు. ఆయన గాలిగోపురం దాకా ఎక్కి, చెమట తుడుచుకుని, జేబులోంచి క్యాప్సూల్ తీస్తారు. పక్కనే ఉప్పూకారం అద్దిన ఉసిరికాయలు పెట్టుకుని కూర్చున్నామె ఓసారి అడిగింది: "ఏంది సామీ అది? ఉసిరికాయ తినరాదా?"

"దాంట్లో ఏముండాది మే. దీంట్లో యాంటీఆక్సిడెంట్లు ఉండాయి" అన్నారాయన. డబ్బా మీది బొమ్మ ఉసిరికాయదే.

రాత్రికి ఇంకో డబ్బా ఉంది, అమెరికా నుంచి కొడుకు పంపింది. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు లెండి. షుగరున్నవాళ్ల ఒంట్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎక్కువన్నది నిజమే. తుప్పు పడుతోంది కాబట్టి తుప్పు వదిలించే మాత్ర మింగితే సరి అన్నది లెక్క. లెక్క బాగానే ఉంది, ఒళ్లే సహకరించలేదు. 2002లో అచ్చయిన పరిశోధనలో 3,654 మంది షుగరున్నవాళ్లను తీసుకుని, కొందరికి రోజూ 400 యూనిట్ల విటమిన్-ఇ, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర నాలుగున్నరేళ్లు మింగించారు. గుండెకూ మేలు జరగలేదు, కిడ్నీలకూ జరగలేదు. సెలీనియం కథ ఇంకా రుచికరం. చర్మ క్యాన్సర్‌ను ఆపుతుందేమోనని అమెరికాలో ఏళ్ల తరబడి ఇచ్చి చూస్తే, మింగినవాళ్లలో 58 మందికి కొత్తగా షుగరు వచ్చింది; ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో 39 మందికే. కొడుకు పంపిన డబ్బాలో సెలీనియం ఉంది. విటమిన్-సి చక్కెరను కాస్త తగ్గిస్తుందనే చిన్నాచితకా పరిశోధనలు లేకపోలేదు. కాకపోతే మోతాదు ఎక్కువైతే కొన్ని రకాల మీటర్లు ఉన్న చక్కెర కన్నా ఎక్కువ చూపించి, మనిషిని మళ్లీ డబ్బా దగ్గరికే తరుముతాయి.

అలిపిరికి అతికినట్టు సరిపోయేది మాత్రం జర్మనీ ముచ్చట. 2009 నాటిది. కుర్రాళ్ల చేత నాలుగు వారాలు కసరత్తు చేయించి, సగం మందికి రోజూ విటమిన్-సి 1000 మిల్లీగ్రాములు, విటమిన్-ఇ 400 యూనిట్లు ఇచ్చారు. మాత్రల్లేని వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మునుపటికన్నా బాగా పనిచేసింది. మాత్రలు మింగినవాళ్లలో ఆ మేలు కనిపించలేదు. కండరం కష్టపడినప్పుడు పుట్టే ఆక్సిడెంట్లే, ఇన్సులిన్ మాట వినమని ఒంటికి కబురు పెడతాయట. ఆ కబురు నోరు మాత్ర నొక్కేస్తోంది. పెద్దాయన అలిపిరి నుంచి సంపాదించుకొచ్చింది గాలిగోపురం దగ్గర డబ్బిచ్చి మరీ వదిలించుకుంటున్నారేమో!

"వాళ్లు ఆరోగ్యంగా ఉండే పిలకాయలు. నాకు షుగరు ఉండాది కదా నాయనా" అన్నారు. న్యాయమైన మాటే. అదే పట్టుదలతో డబ్బా అమ్మినవాణ్నీ నిలదీయమంటే వినబడనట్టు నాలుగు మెట్లు ముందుకెళ్లిపోయారు.

అమ్మినవాడు తక్కువవాడేం కాదు. షుగరు నయం చేస్తానని ప్రకటన ఇస్తే 1954 నాటి చట్టం ఊరుకోదు. అందుకని "షుగర్ లెవెల్స్‌కు తోడ్పడుతుంది" అని రాస్తాడు. ఎక్కడానికి తోడ్పడుతుందో, దిగడానికి తోడ్పడుతుందో రాయడు. డబ్బా వెనక మాత్రం "ఔషధ వినియోగానికి కాదు" అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది చదవాలంటే ముందు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి. షుగరున్నవాళ్లు ఏడాదికోసారి ఎటూ పోవాల్సిందే.

వీటితో ఆగి ఉంటే జేబుకే నష్టం. డబ్బాలు వచ్చాక పెద్దాయన మెట్‌ఫార్మిన్ ఒక పూట మానేశారు. "రెండూ కలిస్తే వేడి చేస్తుంది" అన్నారు. సర్కారు ఆస్పత్రిలో ఊరికే ఇచ్చే మాత్ర మానేసి, వేలు పోసి కొన్నది మింగుతున్నారు. ఖరీదుంటేనే మందు అనిపిస్తుంది కాబోలు. పెద్దమ్మ సణిగీ సణిగీ ఆ పూట మాత్ర మళ్లీ మొదలుపెట్టించింది.

సీలు తీయని డబ్బాలు ఇంకా ఉన్నాయి. పారేయడానికి ఆమెకు చేతులు రావడం లేదు. "హుండీలో ఏసేద్దాం నాయనా, పరకామణిలో లెక్క పెట్టేవాళ్లకన్నా పనికొస్తాయి" అంటోంది. పెద్దాయన ఒప్పుకోలేదు. రోజూ అన్నేసి లడ్డూలు ఆరగించే స్వామికి రాని షుగరు తనకెందుకొచ్చిందో ముందు తేలాలంట.