తరుగు తీసిన క్యాలరీలు

ప్రొద్దుటూరు బంగారు బజారులో ఏ వీధికి పోయినా ఒక క్యాలరీ మామ తగులుతాడు. వయసు యాభై దాటి ఉంటుంది. షుగరు గట్టు మీద ఉంటుంది. పొట్ట ఆయనకన్నా ముందే కౌంటరు దగ్గరికి చేరి గిరాకీని పలకరిస్తూ ఉంటుంది. డాక్టరు "పది కిలోలు తగ్గాల" అన్న రోజే, బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు ఫోన్లో క్యాలరీలు లెక్కేసే ఆప్ ఒకటి ఎక్కించి ఉంటుంది. మామ అడిగిన మొదటి మాట "ఎంత కట్టాల?" అని. "ఫ్రీ నాయనా" అని కూతురు చెప్పిన క్షణం నుంచి ఆయనకు దాని మీద భక్తి కుదిరింది.

ఆప్ మొదట బరువు, పొడుగు, వయసు అడుగుతుంది. అక్కడిదాకా పేచీ లేదు. "రోజూ మీరు ఎంత కష్టపడతారు?" అన్నచోటే బేరం మొదలవుతుంది. ఏ పనీ చేయకపోయినా ఒళ్లు ఖర్చుపెట్టే క్యాలరీలను, కూర్చునే పనివాళ్లకైతే 1.2తో, ఒళ్లు వంచే వాళ్లకైతే 1.725తో హెచ్చవేయడం ఈ లెక్కల పద్ధతి. మామ పొద్దున పరుపు మీద కూర్చుంటే మళ్లీ లేచేది షట్టరు దించడానికే. అయినా "బాగా కష్టపడతాను" అన్న గడే నొక్కుతాడు. "పొద్దస్తమానం గిరాకీతో బేరమాడతానే, అది కష్టం గాదా?" అని వాదన. ఒంటి కనీస ఖర్చు 1600 అనుకుంటే, 1920తో సరిపెట్టుకోవాల్సిన మనిషికి ఆ ఒక్క నొక్కుడుతో 2760 మంజూరవుతుంది. కూర్చున్నచోటే 840 లాభం!

ఇక తిండి లెక్క. పొద్దున్నే ఉగ్గాని, బజ్జి వస్తాయి. ఆప్‌లో ఉగ్గాని అని కొడితే పది రకాల అంకెలు పడతాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 528 రకాల తిండి పదార్థాలను పరీక్షించి 2017లో పట్టిక అచ్చేసింది గానీ, ఆప్‌లలో కనిపించే అంకెలు చాలావరకు మామలాంటి వాళ్లే తలా ఒకటి ఎక్కించినవి. మామ పదీ చూస్తాడు, అన్నిటికన్నా తక్కువ ఉన్నదాన్ని ఎంచుకుంటాడు. "నాలుగంగళ్లు తిరిగి తరుగు తక్కువ చెప్పినోని దగ్గర కొనేది లోకంలో ఉన్నదే" అంటాడు. బజ్జీని మాత్రం ఎక్కించడు. పేపర్లో పెట్టి నూనె ఒత్తేసినాడు కాబట్టి అది ఆయన లెక్కలో కూరగాయ.

మధ్యాహ్నం రాగి సంగటి ముద్దను కాటా మీద పెడతాడు. మిల్లీగ్రాము తేడా వచ్చినా పట్టేసే కాటా అది. ముద్ద మూడొందల గ్రాములు తూగుతుంది. "ఇందులో సగానికి పైన నీళ్లే గదా" అని నూటయాభై తరుగు తీస్తాడు. నీళ్లున్న సంగతి నిజమే. కానీ ఉడికిన సంగటి అని ఆప్‌లో ఉన్న అంకెలో ఆ నీళ్లు ముందే కలిపి ఉంటాయి. ఒకే సరుకుకు రెండుసార్లు తరుగు తీయడం గిరాకీ చేస్తే దోపిడీ, మామ చేస్తే డైటింగు.

అమెరికాలో లులు హంట్ పీటర్స్ అనే డాక్టరమ్మ 1918లోనే ఒక పుస్తకం రాసి, ఇకమీదట ఒక రొట్టె ముక్క అనొద్దు, వంద క్యాలరీల రొట్టె అనండి అని బోధించింది. ఆమె పేరు వినకపోయినా మామ భాష అచ్చం అదే. హోటల్లో కూర్చుని "రెండొందల క్యాలరీల కారం దోశె ఒకటి" అంటాడు. సర్వరు "నెయ్యి వేసేదా, వొద్దా సార్?" అంటాడు. "వెయ్యప్పా, నెయ్యి వేరే ఖాతా."

ఆ ఖాతా జమ్మలమడుగులో మునుగుతుంది. అత్తగారి ఊరు. ఆమె ఓలిగ మీద నెయ్యి పోసే తీరు ఏ కొలతకూ లొంగదు. ఒక పెద్ద చెంచాడు నెయ్యి అంటే 120 క్యాలరీల దాకా ఉంటుంది, ఆమె చేతిలో ఉన్నదేమో గరిటె. మామ ఫోను చూపించి బతిమాలతాడు.

"అత్తా, ఈ పొద్దుకు నాకు మూడొందలే మిగిలినాయి."

"అయ్యో, ఇంగా మిగిలినాయా? అట్లయితే ఇంగో రెండు ఏసుకో నాయనా!"

పులివెందులలో చిక్కు వేరే. అక్కడ స్నేహితునికి అరటి తోట ఉంది. ఆప్ అరటిపండును చిన్నది, నడిమిది, పెద్దది అని విడదీసి, చిన్నదానికి 90, పెద్దదానికి 121 కడుతుంది. మామ అలవాటు కొద్దీ చిన్నది నొక్కుతాడు. వెనక నుంచి చూస్తున్న తోట ఆసామికి రోషం వస్తుంది. "ఏమిరా, మా కాయ నీ కంటికి చిన్నదిగా ఆనిందా?" మర్యాద కోసం పెద్దది నొక్కక తప్పదు. ఆయన రోషం చల్లారేదాకా ఇంకో రెండు పెద్దవి తినకా తప్పదు. సాయంత్రం చెనిక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. వంద గ్రాముల విత్తులకు ఐదొందల క్యాలరీలు దాటుతాయి. కానీ కబుర్లలో తిన్నదానికి బిల్లు వేసే అలవాటు మామకు లేదు.

నెల తిరిగేసరికి తూకం రోజు వస్తుంది. ఆప్ లెక్కన రెండు కిలోలు పోవాలి. మిషనెక్కితే కిలో పెరిగి ఉంటుంది. మామ దిగి గొలుసు తీస్తాడు, ఉంగరాలు తీస్తాడు, ఫోను, బీరువా తాళాలు, చొక్కా తీస్తాడు. మళ్లీ ఎక్కుతాడు. ముల్లు కొంచెం కదిలితే, పొద్దున తాగిన చెంబెడు నీళ్లకు ఇంకొంత తరుగు కడతాడు.

ఇదంతా చూస్తున్న పాత గుమాస్తా నోరు ఊరుకోదు. "అన్నా, నాకొక అనుమానం. మనం నగ అమ్మేటప్పుడు తరుగు కలుపుతాము, పాత బంగారం కొనేటప్పుడు తీస్తాము. నువ్వు తినేటప్పుడూ తీస్తివి, తూకానికీ తీస్తివి. ఇంతకూ ఈ లెక్కలో మోసపోయే గిరాకీ ఎవరన్నా?"

మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆలోచిస్తాడు. పొట్ట దగ్గర గుండీ పట్టదు.

"ఆప్ మంచిది కాదప్పా. కూతురికి చెప్పి, డబ్బు కట్టేది ఎక్కించుకుంటా."