లేని అడ్రసుకైనా బైండ్ కానివ్వండి

లైనక్స్ సర్వరు చేతికి రాగానే, మిగతా పనులన్నీ పక్కనపెట్టి, నెట్.ఐపీవీ4.ఐపీ_నాన్‌లోకల్_బైండ్ విలువ 1 చేయండి. మామూలుగా అది 0 ఉంటుంది. ఐపీవీ6కి ఇదే పేరుతో విడిగా ఇంకొకటుంది, దాన్నీ మార్చండి. లోడ్ బ్యాలెన్సర్లకు తప్ప ఇది అక్కర్లేదని పెద్దలంటారు. నేను ఒప్పుకోను. డేటాబేసు, మెయిలు, వెబ్, ఏ మిషనైనా సరే, పెట్టండి.

రాత్రి కరెంటు పోయి వచ్చిందనుకోండి. మిషను లేచింది, డీహెచ్‌సీపీ నుంచి అడ్రసు ఇంకా రాలేదు. ఈలోగా సర్వీసు తన కాన్ఫిగ్‌లోని అడ్రసుకు బైండ్ కాబోతే కెర్నెల్ ఎర్రర్ 99 విసురుతుంది: ‘కెనాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్’. మరుక్షణం అడ్రసు వస్తుంది, పడిపోయిన సర్వీసు మాత్రం లేవదు. ఐపీవీ6లో అడ్రసు పెట్టాక కూడా, అది నెట్‌వర్కులో ఇంకెవరి దగ్గరా లేదని తేలేదాకా ఇదే తంతు. ఆ విలువ 1 ఉంటే అడ్రసు రాకముందే బైండ్ అయిపోతుంది. పెళ్లికొడుకు వచ్చాక పందిరి వేసేవాళ్లని ఎక్కడైనా చూశారా?

ఈ బాధ పడలేకే చాలామంది 0.0.0.0 అని రాసి చేతులు దులుపుకుంటారు. లోపలి నెట్‌వర్కుకే పరిమితం కావలసిన డేటాబేసు అన్ని ఇంటర్‌ఫేసుల మీదా వినడం మొదలుపెడుతుంది. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

కీప్‌అలైవ్‌డీ నడిపేవాళ్లకు నా మాట కొత్త కాదు. వర్చువల్ ఐపీ మొదటి మిషను మీద ఉండగానే రెండోదాని మీద హెచ్‌ఏప్రాక్సీ లేచి కూర్చోవాలి, మొదటిది పడగానే అందుకోవాలి. అక్కడ మంచిదైన సౌకర్యం మిగతా చోట్ల చెడ్డదెలా అవుతుంది?

ఒక్కో సాకెట్‌కు ఐపీ_ఫ్రీబైండ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. దానికి ప్రత్యేక హక్కులు అక్కర్లేదు, నిజమే. కానీ ఆ ఆప్షను ప్రోగ్రాం రాసినవాడు పెట్టాలి. వాడు పెట్టేదాకా మీరు నిద్ర మానుకుని కూర్చోవద్దు.

ఇక అసలు అభ్యంతరం. కాన్ఫిగ్‌లో 10.0.0.12 బదులు 10.0.0.21 అని పడితే సర్వీసు హాయిగా లేస్తుంది, ఎస్‌ఎస్ కమాండులో లిజన్ అని కనిపిస్తుంది, ఒక్క కనెక్షనూ రాదు. తనది కాని అడ్రసుతో బయటికి కనెక్ట్ కాబోతే అదీ కుదరదు. ఇవి జరుగుతాయి. జరగనివ్వండి. అంకెలు సరిచూడటం కెర్నెల్ పని కాదు. బయటి నుంచి పోర్టుకు కనెక్టయి చూసే మానిటరింగ్ పెట్టుకుంటే తప్పు అక్కడే బయటపడుతుంది.

కంటైనర్లు వాడేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: ఈ సెట్టింగు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కు విడివిడిగా ఉంటుంది, హోస్టులో పెట్టినది లోపల పనిచేయదు. రీబూట్ తర్వాత కూడా నిలవాలంటే /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ కింద ఫైల్లో రాసిపెట్టండి. ఈరోజే రాయండి.