చెరువులో గేదె, గట్టున బేరం

కాళేశ్వరరావు మార్కెట్లో కొట్టు చూసుకుంటూ, మిగిలిన డబ్బుతో ఊళ్ళో బావమరిది చేత నాలుగు గేదెల్ని మేపిద్దామనుకునే వన్ టౌన్ పెద్దమనుషుల కోసం ఈ చిట్కాలు. రోజూ పాలు పితికేవాళ్ళు చదవనక్కర్లేదు, వాళ్ళకి శాస్త్రం అంటదు.

ముందు రంగు చూడండి. ముర్రా అంటే నల్లగా నిగనిగలాడాలి, కొమ్ములు జిలేబీ చుట్టాలి. డెల్టాలో తరాలుగా నాటు గేదెల్ని ముర్రా దున్నలతో కలుపుతూ వచ్చారు గనుక ప్రతి అమ్మకందారూ తనది రోహ్‌తక్ రక్తమేనంటాడు. నమ్మండి. ఆముదం పట్టిస్తే ఏ గేదైనా మెరుస్తుందనేది గిట్టనివాళ్ళ మాట. తర్వాత సుళ్ళు లెక్కపెట్టండి. నుదుటి సుడి చక్కగా కుదిరితే ఇక పొదుగు వైపు వెళ్ళే పనే లేదు.

వెళ్ళారే అనుకోండి, బిగిసి ఉన్నదే మేలు. నిన్న సాయంత్రం పితకకుండా వదిలేశారా అని అడగడం మర్యాద కాదు. పితికాక ముడతలు పడి వేలాడే పొదుగు చూడ్డానికి దరిద్రం; పితికినా గట్టిగా కండలా నిలిచేదే నిండుదనం. పొట్ట కింద లావుగా వంకర్లు తిరిగిన పాల నరం, ఎడంగా ఉన్న నాలుగు చన్నులు, ముందు సన్నం వెనక వెడల్పు అయిన ఒళ్ళు, ఇవన్నీ గన్నవరం పశువైద్య కళాశాల పిల్లలు పరీక్షకి చదువుకునేవి. మీకు పరీక్ష లేదు కదా.

ఇక గుణం. పాలిచ్చే గేదె తన్నినా పడాలన్నారు పెద్దలు. అంటే తన్నేదే పాలిస్తుందని తేలిపోయింది. కొమ్ము విసిరి, మనిషిని చూస్తే బుసకొట్టేదాన్నే పట్టండి. గేదె పొదుగులో పాలు దాదాపు అన్నీ పైన గ్రంథుల్లోనే ఉంటాయట, ఆవుకున్నట్టు కింద నిలవ పెద్దగా ఉండదట, చేపితేనే దిగుతాయట. చేపడానికే రెండు మూడు నిమిషాలు, ఈలోగా బెదిరితే ఎగచేపుతుందట. అంతసేపు దూడని కుడిపించి, పొదుగు నిమిరి, బతిమాలడానికి మనకి తీరికేది? అందుకే పూటకో కొత్త మనిషిని పితకడానికి కూర్చోబెట్టండి, పక్కనే కర్ర పట్టుకుని ఇంకొకణ్ణి నిలబెట్టండి. అయినా చేపకపోతే సూది ఉంది. ఆక్సిటోసిన్ డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదన్నది చట్టం. చీటీ రాసే డాక్టరైతే వచ్చి గేదెని చూస్తానంటాడు, అదో తలనొప్పి.

మే నెల ఎండలో చెరువుకి తోలకండి. నల్లతోలు, చెమట గ్రంథులు తక్కువ, ఒళ్ళు తడవకపోతే మేత మానేస్తుందని పాలేరు గొణుగుతాడు. మానేస్తే తెలగపిండి ఖర్చు మిగిలినట్టే.

లీటర్లే లెక్క. చిట్టినగర్ పాల ఫ్యాక్టరీకి పంపే ఊరి కేంద్రంలో వెన్న శాతం చూసి డబ్బు కడతారనీ, ఆరు ఏడు శాతం ఉన్న గేదె పాలకి అందుకే ధరనీ మొదటి చీటీ వచ్చినరోజు తెలుసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం: “రెండు పూటలు ఉండి, మీ చేత్తో పితికించి చూసుకోండి బాబూ” అన్నవాణ్ణి దగ్గరికి రానివ్వకండి. అంత ధీమా ఉన్నవాడు రూపాయి తగ్గడు. గేదె చెరువులో ఉండగానే కొమ్ములకి బేరం తెగ్గొట్టి, బయానా చేతిలో పెట్టి, సాయంత్రం బస్సెక్కేయండి. ఎన్ని పాలిచ్చిందో బావమరిది ఫోన్ చేసి చెబుతాడు.