ఓడ దిగిన బండి: టీకా తాత్పర్యం

ఓడ దిగిన బండి యొల్బియా రేవున
కుడిని మరువ వలదు కొండదారి
మేక నిలుచు చోట మెల్లగా సాగుము
బంకు మూయు మున్నె బండి నింపు

అవతారిక: మధ్యధరా సముద్రంలో సిసిలీ తరువాత పెద్ద ద్వీపం సార్డీనియా. విస్తీర్ణం సుమారు 24,000 చదరపు కిలోమీటర్లు. మోటార్‌సైకిలు మీద దాన్ని చుట్టబోయే వాడికి అనుభవజ్ఞుడొకడు చేసిన ఉపదేశం ఈ ఆటవెలది. ఛందస్సు సరిపోయింది. కవిత్వానికి వ్యాఖ్యాత పూచీ లేదు.

ప్రతిపదార్థం: ఓడ దిగిన = ఇటలీలోని చివితావెక్కియాలో రాత్రి ఎక్కి పొద్దున్నే దిగిన; బండి = మోటార్‌సైకిలు; ఒల్బియా రేవున = ద్వీపానికి ఈశాన్యాన ఉన్న ఓడరేవులో; కుడిని = రోడ్డు కుడి పక్కను; మరువ వలదు = మరిచిపోవద్దు; కొండదారి = ఎస్ఎస్ 125 అనే తూర్పు తీరపు రహదారిలో; మేక = మేక; మెల్లగా సాగుము = గేరు తగ్గించుము; బంకు = పెట్రోలు బంకు; మూయు మున్నె = మధ్యాహ్న భోజనాల వేళకు ముందే; బండి నింపు = ట్యాంకు నిండా పోయించుము.

‘కొండదారి’ తరువాత విభక్తి లేదు. మలుపులో జారిపడిందని కొందరంటారు.

కాలనిర్ణయం: ఒల్బియాకు 1939 దాకా టెర్రనోవా పౌసానియా అని పేరు. 1921 జనవరిలో ఆంగ్ల రచయిత డి.హెచ్. లారెన్స్ భార్యతో సార్డీనియా వచ్చి, రైళ్లలో, బస్సుల్లో తిరిగి, ఈ టెర్రనోవాలోనే ఓడెక్కి వెళ్లాడు. పద్యంలో ఆ పాత పేరు పెడితే గణం చెడుతుంది, యతి చెడుతుంది. కనుక పద్యం 1939కి తరువాతిదే. మన సాహిత్యంలో ఇంతకంటే బలహీనమైన ఆధారాలతో కవుల కాలాలు తేల్చారు.

‘బండి’ అన్నచోట లక్షణ చెప్పుకోవాలి. మంచాలు అరుస్తున్నాయంటే మంచాల మీదివాళ్లు అరుస్తున్నారని అర్థం చేసుకున్నట్టే, ఓడ దిగిన బండి అంటే దాని మీది మనిషి. నిజానికి రాత్రంతా కష్టపడ్డది బండే. ఓడ అడుగున గేరులో ఉండి, పట్టీలతో ఇనుప కొక్కేలకు కట్టుబడి ఊగింది. మనిషి పై అంతస్తులో నిద్రపోయాడు.

ఇక కుడి. దీని మీద పూర్వపక్షం ఒకటుంది: ఎదురుగా లారీలు వస్తుంటే కుడిని ఎవడు మరుస్తాడు? నిజమే, రద్దీలో ఎవరూ మరవరు. ఎడమన నడిపి అలవాటైన తెలుగువాడు మరిచేది, కొండమీద కాఫీ తాగి, ముందూ వెనకా ఎవరూ లేని రోడ్డెక్కినప్పుడు. అందుకే కవి కుడిని కొండదారితో జతచేశాడు. దోర్గాలికీ బౌనేయికీ మధ్య ఈ రోడ్డు 1,017 మీటర్ల జెన్నా సిలానా కనుమ ఎక్కి దిగుతుంది. అక్కడ మలుపు అయ్యేలోగా మలుపు. ఇంకో సూక్ష్మం: మన దగ్గర కుడి మలుపులో బండి వాలినప్పుడు తల నడి గీత దాటుతుంది, అక్కడ ఎడమ మలుపులో దాటుతుంది. చక్రాలు తన వరసలోనే ఉన్నా, ఎదురుగా వచ్చే బస్సుకు ముందు దొరికేది తలే.

మూడో పాదాన్ని ఆక్షేపించినవారూ ఉన్నారు. మేక కనబడితే మెల్లగా పోవాలని పామరుడికీ తెలుసు కదా! సమాధానం: ‘నిలుచు’ అన్నాడు గాని ‘కనబడు’ అనలేదు. మేక నిలిచే చోటు అంటే అవతల ఏముందో కనబడని ప్రతి మలుపూ. మేక ఇక్కడ ఉపలక్షణం. గొర్రె, ఆవు, పంది కూడా చేరతాయి. ద్వీపంలో మనుషులు సుమారు 16 లక్షలైతే గొర్రెలు దాదాపు 30 లక్షలు. పెకొరీనో రొమానో జున్ను పేరులో రోము ఉన్నా, అందులో అధికభాగం తయారయ్యేది సార్డీనియాలోనే. మంద దాటిపోయినా ప్రమాదం పోదు: పేడ మీద టైరు జారడానికి మేక అక్కడే ఉండనక్కర్లేదు.

బంకు పాదానికి వ్యాఖ్య అక్కర్లేదు. కొండ ఊళ్లలో మధ్యాహ్నం బంకువాడు తాళం వేసి భోజనానికి వెళతాడు. యంత్రం ఉంటే కార్డో నోటో తీసుకుంటుంది. నోటుకు చిల్లర మాత్రం ఆశించకూడదు.

పద్యంలో సముద్రం లేదేమని రసజ్ఞుల ఫిర్యాదు. పడమటి తీరాన అల్గేరో నుంచి బోసాకు సుమారు 45 కిలోమీటర్లు దక్షిణంగా వెళితే కుడివైపు పొడవునా సముద్రమే. కుడి వరసలో నడిపేవాడికి అది మరీ దగ్గర. కవి దాన్ని వర్ణించకపోవడం ఔచిత్యమే: నడుపుతూ సముద్రం చూసేవాడికి తరువాతి మలుపు కనబడదు. చూడాలనుకుంటే బండి ఆపి చూడాలి.

తాత్పర్యం: ఒల్బియాలో దిగినవాడా, కుడి పక్కనే నడుపు, మలుపుకు ముందే వేగం తగ్గించు, మధ్యాహ్నం కాకముందే ట్యాంకు నింపు.

కవి వదిలేసింది ఒకటుంది. మన లైసెన్సు ఒక్కటే ఇటలీలో చాలదు. దానితోపాటు ఏడాది చెల్లే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కావాలి. అది ఆర్టీవో ఆఫీసులో ఇస్తారు. టికెట్టు కొనకముందే తీసుకోండి.