గోనెసంచి కప్పుకొచ్చిన గంజాయి

మా ఉరవకొండలో వాన మొహం చాటేసినప్పుడల్లా ఏదో ఒక అద్భుతం ఊళ్లోకి దిగుతుంది. ఒకసారి అడవి ఆముదం దిగింది, బీడు నేలలో డీజిల్ పండుతుందన్నారు. ఇంకోసారి ఈము పక్షి దిగింది. రెండూ పోయాయి, వాటి అప్పులు మాత్రం ఇక్కడే కాపురం పెట్టాయి. ఇప్పుడు వేలెడంత సీసాలో సీబీడీ నూనె దిగింది. కీళ్లవాతం, షుగరు, నిద్రలేమి, దిగులు, చివరికి పెంపుడు కుక్కకు ఉరుములంటే ఉండే భయం కూడా పోతాయట. ఉరుములకు బెదిరే కుక్కను మా ఊళ్లో ముందు వెతకాలి.

గుంట మగ్గంలో కూర్చొని కూర్చొని నడుము అరిగిపోయిన మా పక్కింటి మామ ఫోన్లో ప్రకటన చూసి ఒక సీసా తెప్పించుకున్నాడు. దాని మీద 'జనపనార నూనె' అని తెలుగులో రాసి ఉంది. నాకు నవ్వాగలేదు. మనకు జనుము అంటే పచ్చిరొట్టగా చేలో కలియదున్నే పైరు, జనపనార అంటే గోనెసంచి. హెంప్ అనే మాటకు ఎవరో జనపనార అని తెలుగు చేసి పడేశారు. అసలు ఆ మొక్క గంజాయి మొక్కే. మత్తిచ్చే టీహెచ్‌సీ తక్కువగా ఉండే రకం, అంతే. సీబీడీ అంటే అదే మొక్కలో ఉండే, మత్తివ్వని ఇంకో పదార్థం.

ఫోన్ చేస్తే అమ్మేవాడు తడుముకోకుండా చెప్పాడు: "లీగలే సార్, టీహెచ్‌సీ 0.3 శాతం లోపే." ఆ 0.3 అమెరికావాళ్ల 2018 వ్యవసాయ చట్టంలోది. మన 1985 నాటి ఎన్‌డీపీఎస్ మత్తుమందుల చట్టం శాతం అడగదు, మొక్కలో ఏ భాగమని అడుగుతుంది. పూతా కాయా ఉన్న కొసలైతే గంజాయి, బంకైతే చరస్. కొసలు లేని ఆకు, గింజ ఆ నిర్వచనంలోకి రావు. గింజనూ గింజ నూనెనూ 2021లో ఆహార భద్రతా సంస్థ ఆహారంగా ఒప్పుకుంది, కిలో నూనెలో టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆకు సారం మాత్రం ఆయుర్వేదం వాళ్ల 'విజయ'. దానికి ఆయుష్ లైసెన్సు కావాలి, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండాలి.

కిటుకంతా ఇక్కడుంది. గింజలో సీబీడీ దాదాపు ఉండదు. గింజ నూనెకున్న వెసులుబాటునూ ఆకు సారానికున్న పేరునూ ఒకే సీసాలో పోసి అమ్ముతున్నారు. మామ సీసాను భూతద్దం పెట్టి చదివితే తేలింది: హెంప్ గింజల నూనె, కాస్త పుదీనా. ఖరీదు 2,400 రూపాయలు! ఆ డబ్బుకు శెనక్కాయ నూనె పది లీటర్ల పైచిలుకు వచ్చేది.

సీబీడీ ఉత్త బూటకమని నేననను. పిల్లలకొచ్చే మొండి మూర్ఛలు కొన్నిటికి ఎపిడియోలెక్స్ అనే సీబీడీ మందును అమెరికా ఔషధ సంస్థ 2018లో ఆమోదించింది. దాని మోతాదు కిలో బరువుకు రోజుకు 20 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. డాక్టరు లెక్కగట్టి ఇచ్చే ఆ మందుకు, నాలుక కింద నాలుగు చుక్కలకు పోలికేమిటి? పైగా కీళ్లవాతం నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం.

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. 20 కిలోలు దాటి దొరికితే పదేళ్లకు తక్కువ కాని జైలు. మన్యంలో మూట మోసినవాడికి బేడీలు. అదే మొక్క పేరు చెప్పి గాజు సీసాలో గింజ నూనె అమ్మినవాడికి ఐదు చుక్కల రేటింగు.

అమ్మేవాడు ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నాడు: "మీకు పొలం ఉంటే చెప్పండి సార్, విత్తనం మేమిస్తాం, పంట మేమే కొంటాం." ఉత్తరాఖండ్ 2018లో లైసెన్సులిచ్చి సాగు చేయించింది, నిజమే. అనుమతి కాగితం లేకుండా మా ఎర్రనేలలో వేస్తే, పంట కంటే ముందు పోలీసు జీపు వస్తుంది. అప్పుడు ఈ అన్న ఫోన్ ఎత్తడు.

సీసా మీది ఆకు బొమ్మను మామ వాళ్లమ్మ దగ్గరగా పెట్టుకుని చూసింది. గోగుకు శాస్త్రం పెట్టిన లాటిన్ పేరులోనే 'గంజాయిలాంటిది' అనే అర్థం ఉందని అవ్వకు తెలియదు.

"ఇది గోగాకు గదరా! పప్పులోకి ఏసుకునేదానికి ఇంత లెక్క పోస్తివా?"